పేరంటంలో చాపిన కాలు

మంచం దిగకముందే కట్లు కట్టుకోవాలని డాక్టరు చెప్పాడు. కాలు కింద పెడితే రక్తం పాదాల్లోకి దిగుతుంది, దిగింది మళ్ళీ తొందరగా పైకి ఎక్కదు. అందుకని ప్రభావతి తెల్లవారగానే కాళ్ళు దిండు మీద ఎత్తిపెట్టుకుని, భర్త శ్యామ్‌సుందర్ పాత ధోవతులు చింపి చేసిన పట్టీలను వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ దాకా చుట్టుకునేది. ఎక్కడైనా చుట్టు వదులైతే సాయంత్రానికి సరిగ్గా అక్కడే కాలు పొంగేది. కనుక తనకు నచ్చేదాకా విప్పి మళ్ళీ చుట్టేది. ఆమె లేచేసరికి నల్లా దగ్గర బిందెల వరుస వాకిలి దాకా వచ్చి ఉండేది.

చిన్నవాడి కాన్పులో మొదలైంది ఇదంతా. కుడికాలు ఒక్కసారిగా అరటిబోదెలా వాచింది. వాపు తీసిందిగాని నరాలు మాత్రం పిక్కల మీద తాళ్ళలా ఉబ్బే ఉన్నాయి. కొన్నేళ్ళకు ఎడమకాలూ అదే దారి పట్టింది. ఆమీద షకర్ బీమారి, అంటే మధుమేహం, వచ్చి చేరింది. మొదట్లో పాదాల్లో చీమలు పాకినట్టుండేది, తర్వాత నిప్పులు పోసినట్టుండేది. ఇప్పుడు మంటలు పిక్కల్లోకి జరిగాయి, పాదాలకు స్పర్శే లేదు. ఒకసారి నాంపల్లి స్టేషన్ ముందు చెప్పు ఊడిపోయినా తెలియక ఒంటిచెప్పుతో నడిచి వెళుతుంటే మల్లెపూలు అమ్మే ఆమె కేకేసి చెప్పింది. చీలమండ పైన చర్మం నల్లబడి, అక్కడొక పుండు మానుతూ రేగుతూ ఉండేది.

ఈ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. దానికి కారణం ఇల్లే.

స్టేషన్ వెనక సందులో శంకరమ్మ ఇల్లు. నాలుగు పోర్షన్లు, ఒకటే నల్లా. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది వీళ్ళు అందులో దిగారు. ఆబిడ్స్‌లో ఉన్న శ్యామ్‌సుందర్ ఆఫీసుకు నడిచి పోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అది కింది పోర్షన్. మెట్లెక్కడం ప్రభావతి వల్ల అయ్యే పని కాదు. అయితే దిగిన రోజే శంకరమ్మ తన పాత కిరాయిదారు ఒకతని సంగతి చెప్పింది. దర్జీపని చేసేవాడట. వేలికి సూది దిగినా తెలియదట. అది పెద్దరోగమని, కుష్టని అనుమానం వచ్చిన పూటే సామాను బయట పెట్టించి, గదంతా ఫినాయిలుతో కడిగించిందట. ఈ మాట గొప్పగా చెప్పుకుంది. ప్రభావతి అప్పుడు కాళ్ళు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. అప్పటినుంచి అవి బయటికి రాలేదు.

కష్టమంతా శ్రావణమాసంలో. శంకరమ్మ ప్రతి శుక్రవారం పేరంటం పెట్టేది. వచ్చిన ముత్తైదువుల కాళ్ళకు తన చేత్తోనే పసుపు పెట్టేది, ఆ పని కోడలికి కూడా ఇచ్చేది కాదు. ప్రభావతి ఏటా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. పక్క పోర్షన్ నళిని నోరు ఊరుకునేది కాదు.

"అక్కా, మీ కాళ్ళకు బంగారు కడియాలున్నయా ఏంది, ఎవ్వరికి చూపియ్యరు?" అనేది.

ఈ ఏడు శంకరమ్మ స్వయంగా గడపలోకి వచ్చి నిలబడింది. తన ఇంట్లో ఉండే ముత్తైదువే తన పసుపు వద్దంటే బయటివాళ్ళు ఏమనుకుంటారని అడిగింది. మాటలో కోపం లేదు, నొప్పి ఉంది. వస్తానని చెప్పక తప్పలేదు.

ప్రభావతి ఆలోచించుకునే వెళ్ళింది. పాదాల మీది పట్టీలు విప్పి, కట్టు చీలమండ పైనుంచి మొదలయ్యేలా కట్టుకుంది. కట్టు కిందికి దిగిన నలుపు కనపడకుండా ఇంట్లోనే పాదాలకు పసుపు మందంగా పూసుకుంది. పెట్టుకునే వచ్చాను, మళ్ళీ ఎందుకని అనవచ్చు. చాప చివర, గోడ పక్కన కూర్చుని వేళ్ళ కొసలు మాత్రం బయటికి చాపింది. శంకరమ్మ అవతలి కొస నుంచి గిన్నె పట్టుకుని మోకాళ్ళ మీద జరుగుతూ వస్తోంది. తన దాకా రావడానికి ఇంకా చాలాసేపు పడుతుందనుకుంది ప్రభావతి.

పక్కన కూర్చున్న నళిని ఆబిడ్స్‌లో కొత్తగా పెట్టిన చీరల దుకాణం సంగతి ఎత్తింది. అక్కడ చీరలు బల్ల మీద పరిచి చూపిస్తారట, కొనేవాళ్ళు కూడా నిలబడే చూడాలట. నిలబడి చీర కొనడమేమిటని ప్రభావతి నవ్వింది. చాలా రోజులకు ఆడవాళ్ళ మధ్య కూర్చుందేమో, మాటల్లో పడిపోయింది. జరీ అంచు గురించి ఏదో చెబుతూ చెబుతూ నళిని ముఖం చూసింది. నళిని తన మాట వినడం లేదు, కిందికి చూస్తోంది. గదిలో అందరి చూపూ అక్కడే ఉంది.

ప్రభావతి కూడా కిందికి చూసింది. తన కుడిపాదం శంకరమ్మ ఒడిలో ఉంది. చీర జరిగి కట్టు కనబడుతోంది. శంకరమ్మ బొటనవేలి గోరు అరికాల్లో గట్టిగా దిగి ఉంది.

"ఎంత సేపాయె పట్టుకొని," అంది శంకరమ్మ మెల్లగా. "గిచ్చిన గుడ. నీకు తెలుస్తలేదా బిడ్డా?"

ఇన్నేళ్ళుగా సిద్ధం చేసుకున్న అబద్ధాలు వెతుక్కునే ఓపిక ఇక ప్రభావతికి లేదు.

"తెలుస్తలేదు పెద్దమ్మా."

షకర్ గురించి, పైకెక్కని రక్తం గురించి, డాక్టరు చెప్పిందంతా చెప్పుకొచ్చింది. చెబుతుండగానే ఎదురుగా ఉన్న ఒకామె తన చీర చెంగు దగ్గరికి లాక్కుంది. శంకరమ్మ పాదం వదలలేదు. మిగిలిన వేళ్ళకు కూడా పసుపు పెట్టి, లేచి బయటికి వెళ్ళింది. నల్లా కింద ఆమె చేతులు కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. తిరిగి వచ్చి అందరికీ వాయినాలు చేతికిచ్చింది. ప్రభావతి వాయినం మాత్రం ఆమె ముందు నేల మీద పెట్టింది.

సాయంత్రం విన్న శ్యామ్‌సుందర్ టోపీ కూడా తీయకుండా కూర్చుండిపోయాడు. చాదర్‌ఘాట్‌లో ఇల్లు కిరాయికిచ్చేవాళ్ళు ఒకరున్నారని, ఉస్మాన్‌గంజ్‌లో గోదాము మీద ఒక గది ఖాళీ అని తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పాడు. గోదాము మీద అంటే మెట్లు. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

పొద్దున కట్లు కట్టుకోవడం ఇంకా పూర్తికాకముందే శంకరమ్మ వచ్చింది. సామాను సంగతి మాట్లాడడానికే అనుకుంది ప్రభావతి.

"చెప్పులేస్కో," అంది శంకరమ్మ. "మీ డాక్టరు దగ్గరికి పోదాం. నాకు ఆయన నోటితోని వినాలె."

రిక్షాలో ఆబిడ్స్ వెళ్ళారు. డాక్టరు ఓపికగలవాడు. ప్రభావతి పిక్క మీద వేలుతో నొక్కి, పడిన గుంట అలాగే నిలిచిపోవడం శంకరమ్మకు చూపించాడు. ఉబ్బిన నరాలు చూపించాడు. పెద్దరోగం లక్షణాలు వేరని, అవేవీ ఈమెలో లేవని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఇది తనకు అంటుకుంటుందా అని శంకరమ్మ అడిగితే, షకర్ ఒకరి మిఠాయి మరొకరు తింటే రాదమ్మా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ చెప్పాడు.

తిరుగు దారిలో రిక్షా ఆబిడ్స్ దాటాక శంకరమ్మ ఆమె వైపు తిరిగింది.

"నిన్న వాయినం కింద పెట్టిన," అంది.

"చూసిన."

"భయమైంది బిడ్డా."

ప్రభావతి తలాడించింది. ఆ భయం ఆమెకు కొత్త కాదు. పుండు మొదటిసారి కనబడినప్పుడు తనూ పెద్దరోగమే అనుకుని, డాక్టరు కాదని చెప్పేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు.

"నాకైతే డాక్టరు చెప్పిండు," శంకరమ్మ అంది. "గాడ కూసున్నోళ్ళకు ఎవరు చెప్తరు? నళిని నోట్ల పడ్డదంటే బషీర్‌బాగ్ దాక పోతది. వచ్చే శుక్రవారం మళ్ళ రావాలె నువ్వు. అందరి ముంగట కట్లిప్పి చూపియ్యి. నేను పసుపు పెడ్త, వాయినం చేతికిస్త. ఇగ నిన్ను ఖాళీ చేయించుమని ఎవ్వరన్నా నన్నడిగితే అప్పుడు నేను మాట్లాడ్త."

ఇల్లు నిలిచిందన్న సంగతి ప్రభావతికి కాసేపటికిగాని అర్థం కాలేదు. అర్థమయ్యాక సంతోషం రావలసిన చోట అలసటే వచ్చింది. ఇన్నేళ్ళు దాచడానికి పడ్డ పాట్లు ఒక ఎత్తు. ఇకనుంచి అడిగినవాళ్ళకల్లా చూపించి, చెప్పి, నమ్మించడం ఇంకో ఎత్తు.

"రెండు కాళ్ళా?" అని అడిగింది.

"రెండు. ఒక్కటి చూపిస్తే రెండోది దాచినవంటరు."

రిక్షా గతుకులో పడి లేచింది. కట్ల కింద పిక్కలు బరువెక్కుతున్నాయి.

"సరే పెద్దమ్మా," అంది ప్రభావతి. "గాని కట్లిప్పితే మళ్ళ కట్టుకునేదాక నేను లేవలేను. జరసేపు పండుకోవాలె, కాళ్ళు మీదికి పెట్టుకోవాలె. పేరంటం అయినంక నన్ను తొందరపెట్టొద్దు."

శంకరమ్మ సరేనంది. రిక్షా అతన్ని మెల్లగా పొమ్మంది.