ఉప్పు చూడని రోజు

పెద్దక్క ఒక రోజు పస్తుండి చూపిస్తానని మాటిచ్చింది కోపం కొద్దీ. అంతకంటే గొప్ప కారణం వెతక్కండి, దొరకదు.

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఆవిడ వంటమనిషి. ఇరవై రెండేళ్ళుగా మూడు వందల మందికి వండిపెడుతోంది. చెంచాతో కొలవడం ఆవిడకి నామోషీ. "కొలిచి వేసేది మందు, ఉప్పు కాదు" అంటుంది. అరచేతిలో కూర చుక్క వేసుకుని నాలుకకి తగిలించిందంటే లెక్క తేలిపోవాలి. చదువు లేదు, వెనకేసుకున్నదీ లేదు. తలెత్తుకు తిరుగుతోందంటే ఆ నాలుక చూసుకునే.

మంట పెట్టింది చెల్లెలి కూతురు. నర్సు పని చేస్తోంది కదా, అందరి ఒంటి సంగతీ తనకే కావాలి.

"పెద్దమ్మా, నువ్వు ఆకలేసి తినేదెంత, అలవాటుకొద్దీ తినేదెంత? ఒక్క రోజు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా ఉండు, నీకే తెలుస్తుంది."

"నేను తినేదేముందే? రుచి చూడ్డం తప్ప!"

"ఆ చూడ్డమే ఎంతో చూసుకో."

మర్నాడు పెద్దక్క ఏప్రన్ ఒక జేబు నిండా ఎండు చిక్కుడు గింజలు పోసుకుంది. చెయ్యి నోటివైపు లేచినప్పుడల్లా ఒక గింజ రెండో జేబులోకి మార్చాలని షరతు. క్యారెట్ ముక్క ఒకటి, రొట్టె అంచు ఒకటి, ఎందుకో తెలీకుండా పచ్చి బఠాణీ ఒకటి. ఎనిమిదింటికి లెక్కపెడితే పంతొమ్మిది! ఆకలి ఇంకా నిద్రే లేవలేదు, చెయ్యి మాత్రం పంతొమ్మిది సార్లు బయల్దేరింది. ఆవిడకి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

పదిన్నరకి బంగాళాదుంపల కూర ఉడికింది. ఉప్పు చూడాలి. నాలుకకి తగిలించి ఉమ్మేస్తే తిన్నట్టు కాదు కదా అని ఒక క్షణం బేరమాడింది. సాయంత్రం చెల్లెలి కూతురి మొహం చూసి అబద్ధం చెప్పలేననిపించింది. తోటికోడల్ని పిలిచింది.

ఈ తోటికోడలు తొమ్మిదేళ్ళుగా అదే వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. నోట్లో నాలుక లేని మనిషి.

"ఇదిగో, ఉప్పు చూడు."

"నేనా అక్కా?"

"కాదు, నీ వెనక గోడ! రా."

తోటికోడలు గరిటె అందుకుని చూసింది. "సరిపోయింది."

"సరిపోవడమేమిటి? ఇంకా సగమే వేశాను!"

మళ్ళీ చూసింది. తల దించుకునే ఉంది గానీ మాట మార్చలేదు. "సరిపోయిందక్కా."

పెద్దక్క చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్ళి గుప్పెడుతో పైకొచ్చింది. గిన్నె మీద ఆగింది. తను చూడని కూరకి తనెలా తీర్పు చెబుతుంది? గుప్పెడు ఉప్పూ మళ్ళీ డబ్బాలోనే పోసేసింది. "సరే. జనం తిట్టిపోస్తే నీ పేరే చెబుతాను."

మధ్యాహ్నం కిటికీ వెనక నిలబడి తిట్ల కోసం ఎదురుచూసింది. పేగులు అరుస్తున్నాయి. ఒక్కరూ ఏమీ అనలేదు. పైగా కొందరు రెండోసారి వేయించుకున్నారు. ఒంటిగంటన్నరకి, రోజూలాగే, గుమ్మం దగ్గరి మంచినీళ్ళ డ్రమ్ము రెండోసారి నింపడానికి బకెట్ తీసుకెళ్ళి మూత ఎత్తింది. సగానికి పైగా నీళ్ళున్నాయి. పొద్దున నింపినవే.

"మా వాళ్ళు నీళ్ళ మనుషులు, మిషన్ల వేడి అలాంటిది" అని ఎన్నిసార్లు చెప్పుకుందో! మిషన్ల వేడి ఇవాళా అంతే ఉంది.

కటింగ్ మాస్టర్ చెయ్యి కడుక్కుని పోతున్నాడు. రోజూ నిలబడే రెండు గ్లాసులు దించే మనిషి.

"నీళ్ళు తాగలేదేం మాస్టారూ?"

"దాహం వెయ్యలేదు పెద్దక్కా" అని ఆగకుండా వెళ్ళిపోయాడు.

పెద్దక్క వంటింట్లోకొచ్చి బకెట్ బోర్లించి కూర్చుంది. "ఎన్నాళ్ళయింది?"

తోటికోడలికి అర్థమైంది. "రెండేళ్ళుంటుందక్కా."

"ఒక్కరూ చెప్పలేదేం?"

"నీకెవరు చెబుతారు? పోయినేడు కూర బాలేదన్నాడని ఒకతనికి నెల్లాళ్ళు మాడు చెక్కే వడ్డించావుగా."

నిజమే, వడ్డించింది. గరిటె చప్పుడు చేసి మరీ వడ్డించింది. తనకి చెప్పడం కంటే నీళ్ళు తాగడమే నయమనుకున్నారు మూడు వందల మందీ. పెద్దక్కకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. సాయంత్రానికి రెండో జేబులో నలభై ఒక్క గింజలు తేలాయి.

మర్నాడు కూడా తోటికోడలి చేతే ఉప్పు వేయించింది. అప్పుడు తను ఒక చుక్క అరచేతిలో వేసుకుంది. ఒక్క రోజు విశ్రాంతితో నాలుక తేరుకుని ఉంటుందేమోనని రాత్రంతా ఆశపడింది మరి. కూర చప్పగా, వేడినీళ్ళలా ఉంది. డబ్బా మూత తీసింది. కాసేపు చూసి మూత పెట్టేసి, తోటికోడలి వైపు తోసింది.

ఒంటిగంటకి ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పళ్ళెంలో వడ్డించుకుని హాల్లోకొచ్చి, కటింగ్ మాస్టర్ ఎదురుగా కూర్చుంది. పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆవిడ తింటూనే ఉంది.

"ఎలా ఉంది పెద్దక్కా?" అన్నాడాయన, భయం భయంగా.

"నాకు చప్పగా ఉంది," అంది పెద్దక్క హాలంతా వినబడేలా. "మీకు?"

ఆయన పళ్ళెం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "బాగుంది."

"అయితే అదే ఉప్పు."

ఆయన లేచి, ఖాళీ పళ్ళెం పట్టుకుని, మళ్ళీ వేయించుకోవడానికి తోటికోడలి దగ్గరికి వెళ్ళాడు. పెద్దక్క తన చప్పటి కూర కడదాకా తిన్నది.