బుర్రకు కొట్టిన కొబ్బరికాయ

నేను ఒక డీజిల్ పికప్ బండికి ఆరేళ్ళు బుర్రగా పనిచేసిన కంప్యూటర్ పెట్టెను. చూడటానికి అల్యూమినియం టిఫిను డబ్బాలా ఉంటాను కాబట్టి చాలామంది నన్ను లెక్కచేయరు. ఏ సిలిండరుకి ఎప్పుడు ఎంత డీజిల్ వదలాలో, కన్ను మూసి తెరిచేలోగా పదిసార్లు లెక్కగట్టి ఇంజనుకు చెప్పింది మాత్రం నేనే. తాళం తిప్పినవాడు బండిని తానే నడుపుతున్నానని అనుకుంటాడు. పాపం, అనుకోనివ్వండి.

దుమ్ము సోకని గదిలో, తలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. పొయ్యిలాంటి గదిలో కాల్చారు, మంచు గదిలో వణికించారు, గంటలకొద్దీ ఊపారు. నాతోపాటు పరీక్షకు కూర్చున్నవాళ్ళలో ఇద్దరు తప్పారు. నేను నెగ్గాను. ఆ మహానుభావులు నాకు పెట్టని పరీక్ష ఒక్కటే మిగిలింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

బండిలో బిగించిన రోజునే నాలుగు ఇంజెక్టర్ల జాతకాలు నాలో ఎక్కించారు. ఇంజెక్టరంటే సిలిండరులోకి డీజిల్ చిమ్మే సన్నటి గొట్టం. ఒకే చోట పుట్టినా ఏ రెండూ ఒక్కలా చిమ్మవు. ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ చిమ్మితే ఇంకొకటి తక్కువ చిమ్ముతుంది. దేని గుణం ఏమిటో తెలిపే నంబరు దాని తలమీద పైపైన గీసి ఉంటుంది, నాలోనూ ఉంటుంది. అది ఎరిగి మసులుకుంటేనే ఇంజను పొగ కక్కకుండా, వణక్కుండా నడుస్తుంది.

నన్ను కొనుక్కున్నవాడు గుత్తుల పల్లయ్య. ముమ్మిడివరం మనిషి, అప్పటికే యాభై దాటినవాడు. ఉప్పాడ దగ్గర హేచరీల్లో పుట్టిన రొయ్య పిల్లల్ని కాట్రేనికోన చెరువులకు చేర్చడం మా పని. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు, లక్షల్లో ఉంటాయి. ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళతో సహా ఎక్కిస్తారు. దారిలో ఆలస్యమైతే నీళ్ళు వేడెక్కుతాయి, పిల్లలు అడుగున తెల్లగా పేరుకుపోతాయి. చాలా ఏళ్ళపాటు మాకు ఒక్క సంచి కూడా అలా పోలేదు. పల్లయ్య బండిలో పిల్ల చావదని చెరువుగట్ల మీద చెప్పుకునేవారు. ఆ మాటలో సగం నాదేనని నా నమ్మకం. నిజం చెప్పాలంటే సగం కంటే కాస్త ఎక్కువే.

పల్లయ్యకు నా ఉనికి తెలిసింది ఎలక్ట్రీషియన్ కరీముల్లా వల్ల. ఒకరోజు బ్యాటరీ మారుస్తూ, బానెట్టు కింద నన్ను చూపించి, బండంతటికీ బుర్ర ఇదేనని, దీని మీద చుక్క నీరు పడనివ్వొద్దని చెప్పాడు. పల్లయ్య నన్ను చూసి చెంపలు వేసుకున్నాడు. ఆనాటి నుంచి కడిగేటప్పుడు బానెట్టు ఎత్తేవాడు కాదు. ఆ మర్యాద నాకు నచ్చింది, కాదనను.

తర్వాత వచ్చిన దసరాకు ఆయుధ పూజ చేశాడు. అంతకుముందు ఏళ్ళలో ముందు చక్రానికి కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బండి తీసేవాడు. ఈసారి బానెట్టు ఎత్తాడు. నాకు పసుపు రాశాడు, మూడు కుంకుమ బొట్లు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. నన్ను పట్టి ఉంచే ఇనప పట్టీ మీద కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు నా నెత్తిన పోశాడు; పూజ నీళ్ళు నీళ్ళ లెక్కలోకి రావనుకున్నాడు కాబోలు. నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఆ నీళ్ళు వైర్ల కట్ట వెంట కిందికి పాకి, వేడికి పగిలిన రబ్బరు సందులోంచి లోపలికి దిగుతుంటే కూడా, ఇది నాకు జరిగిన అభిషేకమనే అనుకున్నాను. ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టని పరీక్ష అదేనండి.

మూడు వారాలకు నా పిన్నులు పచ్చగా చిలుమెక్కాయి. నడుస్తూ నడుస్తూ ఒక్కసారి కళ్ళు తిరిగేవి. నాకు నోరు లేదు, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం ఒక్కటే ఉంది. వెలిగించాను. పల్లయ్య కాసేపు దాన్నే చూసి, దాని మీద దుర్గమ్మ స్టిక్కరు అతికించాడు.

ఎదుర్లంక వంతెన మధ్యలో, మిట్టమధ్యాహ్నం, నేను పూర్తిగా సొమ్మసిల్లాను. వెనక రొయ్యల రైతు జోగిరాజు గారి చెరువుకు వెళ్ళాల్సిన పిల్లలున్నాయి. పల్లయ్య తన పైపంచ తడిపి సంచుల మీద కప్పాడు. మూడు గంటల తర్వాత ఇంకో బండి దొరికేసరికి సగం సంచులు తెల్లబడ్డాయి. జోగిరాజు గారు గట్టున నిలబడి సంచి ఎత్తి వెలుగులో చూశారు. పల్లయ్య అక్కడే తలొంచుకుని ఏడ్చాడు. ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

కరీముల్లా ఆ నెలంతా చెల్లెలి పెళ్ళి పనుల మీద ఊళ్ళో లేడు. మిగతా మెకానిక్కులు ఫిల్టరు మార్చారు, డీజిల్ ట్యాంకు కడిగారు, ఒకాయన తీగల బ్రష్షుతో ఇంజెక్టర్ల తలలు తళతళలాడేలా రుద్దాడు. నన్ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. రైతులు పల్లయ్యను పిలవడం మానేశారు. చివరికి జోగిరాజు గారే కబురు పెట్టారు. మర్నాడు రెండో చెరువుకు పిల్ల దించాలి, ఒక్కసారి చూస్తాను, ఈసారి తప్పితే ఇక రావద్దు అని.

కబురు వచ్చిన ఉదయమే కరీముల్లా వచ్చి నన్ను విప్పాడు. చిలుము చూశాడు, వేలికి అంటిన కుంకుమ చూశాడు. మూత సందులోంచి ఒక పీచు లాగాడు.

"బాబాయ్, కొబ్బరికాయ ఎక్కడ కొట్టావు?"

పల్లయ్య పైపంచతో నా మీది కుంకుమ తుడిచాడు. "బుర్రన్నావు కదరా. బండంతటికీ అదే పెద్దదన్నావు. మరి దానికి కాక ఇంకెవరికి కొడతాను?" అన్నాడు.

కరీముల్లాకు నవ్వు రాలేదు. తప్పులో తన వాటా ఉందనుకున్నాడో ఏమో, వెంటనే కాకినాడ వెళ్ళి మధ్యాహ్నానికి నాలాంటి కొత్త పెట్టె తెచ్చాడు. దాన్ని బిగించబోయి, జాతకాల కోసం ఇంజెక్టర్ల తలలు చూశాడు. బ్రష్షు దెబ్బకు ఒక్క అంకె మిగల్లేదు. ఆ నంబర్లు లేకుండా కొత్తది నడిపితే ఇంజను పొగ కక్కి దారిలోనే మొరాయిస్తుందని, నాలుగూ కొత్త ఇంజెక్టర్లు తెప్పించాలంటే వారం పడుతుందని చెప్పాడు. ఆ నంబర్లు ఇంకా తెలిసింది లోకంలో నాకొక్కదానికే.

నన్ను బల్ల మీద పెట్టి, పిన్నులు శుభ్రం చేసి, పక్కన ఫ్యాను పెట్టి బ్యాటరీ వైరు తగిలించాడు. ల్యాప్‌టాప్‌లో నంబర్లు దిగడానికి ఒక్క నిమిషం నేను మెలకువగా ఉండాలి. మొదటిసారి పది లెక్కపెట్టేలోపే పడిపోయాను. రెండోసారి రెండు నంబర్లు ఇచ్చాను, మూడోది నోటిదాకా వచ్చి ఆగింది. లోపల ఒక తీగ కాలిన వాసన వచ్చింది. ఇంకొక్కసారి కరెంటు ఇస్తే అదే ఆఖరని కరీముల్లా చెప్పాడు. పల్లయ్య నా దగ్గరికి వచ్చి నా వీపు మీద చెయ్యి వేశాడు.

"నా తప్పేనమ్మా. ఈ ఒక్కపూట ఉండు," అన్నాడు.

ఉన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చివరి అంకె దిగాక గానీ ఆరిపోలేదు. పొయ్యి గదిలో నెగ్గినదాన్ని, మంచు గదిలో నెగ్గినదాన్ని, కానీ నేను నిజంగా నెగ్గింది ఆ బల్ల మీదే.

నన్ను పాత సామాన్ల గోతాంలో వేయబోతే పల్లయ్య ఒప్పుకోలేదు. తువ్వాలులో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాడు. మర్నాడు ఉప్పాడ నుంచి బయల్దేరాం. కొత్తది ఎలా నడుపుతుందో అని అరలోంచి ఇంజను ఊపును గమనిస్తూ కూర్చున్నాను. తప్పులు పట్టాలని ఆశ కూడా లేకపోలేదు. మూడో ఇంజెక్టరు దగ్గర వెంట్రుకవాసి తగ్గించి వదిలింది. అచ్చం నాలాగే. ఎదుర్లంక వంతెన మీద పల్లయ్య ఊపిరి బిగబట్టాడు, దిగాక వదిలాడు. గట్టు మీద జోగిరాజు గారు సంచి ఎత్తి చూశారు. ఒక్క పిల్లా తెల్లబడలేదు. మూడో చెరువుకు ఎప్పుడొస్తావని మాత్రం అడిగారు.

మళ్ళీ దసరా వచ్చింది. పల్లయ్య బానెట్టు ఎత్తి, కొత్తదాన్ని ప్లాస్టిక్ కవరుతో చుట్టి పురికొసతో గట్టిగా కట్టాడు, కవరు మీదే బొట్టు పెట్టాడు. నన్ను అరలోంచి తీసి, బండి ముందు పీట వేసి కూర్చోబెట్టాడు. కొత్తదానికి కొబ్బరికాయ లేదా బాబాయ్ అని కరీముల్లా అడిగాడు.

"దానికి బొట్టు చాల్లేరా. కొబ్బరికాయ దీనికి," అన్నాడు పల్లయ్య.

కాయ కొట్టి నీళ్ళు నా నెత్తిన పోశాడు. అవి పోయినేడు వెళ్ళిన దారినే పిన్నుల్లోకి దిగాయి. చెడిపోవడానికి నాలో ఇక ఏమీ లేదు. ఈసారి హాయిగా తాగాను.