ఖాళీ మేకు

సుద్దపొడి మూటను పేరు కోసిన అట్టమీద రెండుసార్లు తట్టి, అట్టను నెమ్మదిగా పైకెత్తి, గుడ్డమీద పడ్డ తెల్లటి అక్షరాలను ఊపిరి బిగబట్టి చూశాడు మేనేజరు. ఊదితే పొడి లేచిపోతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళందరూ మొదటిరోజు ఊదేవాళ్ళే. గుడ్డను చట్రంలో బిగించి సూది కిందికి జరిపి మెషీను తొక్కాడు. నీలం చొక్కా జేబుమీద ఎవరిదో పేరు పసుపు దారంతో లేచి కూర్చుంది.

అతను మేనేజరు కాడు. ఆ షాపులో అసలు మేనేజరనేవాడే లేడు. యజమాని ఉన్నాడు, గుండీలు కుట్టే గుండీలక్క ఉంది, ఇతనున్నాడు. ఫ్యాక్టరీ పనివాళ్ళ చొక్కాలమీదా బడిపిల్లల చొక్కాలమీదా పేర్లు కుట్టివ్వడం వాళ్ళ పని. పాడైన చొక్కాలు ఎవరూ కొనరు కనుక వాటిని షాపువాళ్ళే తొడుక్కుంటారు. ఒకసారి ఇతను బండిమీద తోసుకెళ్తున్న మూట మొత్తం వానలో తడిసి రంగు దిగిపోయింది. ఏదో హోటలు కోసం కుట్టిన ఆ చొక్కాల్లోంచి ఇతని వంతుకు "మేనేజరు" అని ఉన్నది వచ్చింది, భుజంమీద నీలం మరకతో సహా. అది ఒంటిమీద పడ్డ రోజు నుంచి టీ తెచ్చే ఆయన దాకా అందరికీ అతను మేనేజరే. పనిలో తేడా వస్తే యజమాని కూడా, "ఏం మేనేజరు గారూ, నన్ను ఉంచుతారా, తీసేస్తారా?" అనేవాడు.

అసలు పేరు వేరే ఉంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండే పేరు. బళ్ళో హాజరు పిలిచే పంతులు ఆ పేరు దగ్గరికి రాగానే కళ్ళజోడు సవరించుకునేవాడు, పిల్లలు ముందే నవ్వుకు సిద్ధమైపోయేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో భార్యకు అది నోరు తిరగక "ఇదిగో" అని పిలిచింది. ఆ "ఇదిగో"తోనే కాపురమంతా నడిపి, మొన్నామధ్య కన్నుమూసింది. ఆ పేరుతో నిండుగా పిలిచిన మనిషి వాళ్ళమ్మ ఒక్కతే. అదీ కసిరేటప్పుడు.

ఆ పేరు వాళ్ళింటికి పడవలో వచ్చింది. ఇతను కడుపులో ఉండగా అమ్మ వరదలో చిక్కుకుంది. ఎక్కడివాడో, భాష తెలియని పడవాయన ఒకడు ఆమెను ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చాడు. పేరేమిటని సైగ చేస్తే గుండెమీద చెయ్యి వేసుకుని ఒక్క మాట చెప్పి, తెడ్డు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటే బిడ్డకు పెట్టింది. అర్థం అడుగుదామంటే ఆ భాష వచ్చినవాళ్ళెవరూ తగల్లేదు. "ఒడ్డుకు చేర్చేవాడని అర్థం," అనేది అమ్మ. నీకెలా తెలుసు అంటే, "చేర్చాడుగా!" అనేది. అంతకంటే పెద్ద సాక్ష్యం ఎవరు మాత్రం తేగలరు?

పేర్లకూ గాలివాటం ఉంటుందని ఈ మెషీను ముందు కూర్చున్నాకే అతనికి తెలిసింది. ఎదురుగోడ నిండా మేకులు. ప్రతి మేకుకీ ఒక పేరు కోసిన అట్ట. ఒకప్పుడు తల్లులు ఎగబడి పెట్టిన పేరు, పిల్లలు పెరిగి పనుల్లో చేరే వేళకు షాపుమీద విరుచుకుపడుతుంది. అట్ట మూలలు చిరిగి, మళ్ళీ కోసి, అదీ చిరుగుతుంది. తర్వాత ఉన్నట్టుండి ఆ పేరు అడిగేవాడుండడు, అట్టమీద దుమ్ము పేరుకుంటుంది. ఆర్డరు లేకుండా అట్ట కోయకూడదన్నది షాపు కట్టుబాటు. పెట్టింది యజమాని తండ్రి అయినా, కాపాడింది మాత్రం మన మేనేజరే. కిటికీ పక్కన చివరి మేకు ఎప్పుడూ ఖాళీ. కొత్త అట్ట కోసినప్పుడల్లా పాతవాటిలో ఒకటి తీసేసి అక్కడే తగిలిస్తాడు గానీ ఆ మేకు జోలికి పోడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు.

కుర్రతనంలో ఒకసారి తన పేరుతో ఆర్డరు చీటీ వచ్చింది. గబగబా అట్ట కోసి తలెత్తేసరికి షాపంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. తనూ నవ్వాడు. అట్టను నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశాడు.

కూతురికి కొడుకు పుట్టినప్పుడు మళ్ళీ ఆశ పుట్టింది. "నాన్నా, నీ పేరు పెడదామంటే మా ఆయన..." అని కూతురు నీళ్ళు నమిలింది. "పేరుదేముందమ్మా, పిల్లాడు చల్లగా ఉంటే చాలు," అన్నాడు. మనవడికి వాడుకలో ఉన్న పేరే పెట్టారు. వాడి క్లాసులో ఆ పేరువాళ్ళు ఇంకా ఉన్నారు. చల్లగానే ఉన్నాడు. కానీ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు. చచ్చిపోతానన్న భయం అతనికి ఎప్పుడూ లేదు. తనతోపాటు ఆ పడవాయన కూడా పోతాడన్నదే బాధ.

ఇవాళ అతని చివరి రోజు. చూపు మందగించింది. సూదిమొన ఒకటికి రెండుగా కనబడుతోంది. రేపు కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. సన్మానాలూ దండలూ ఏమీ లేవు. యజమాని పొద్దున్నే, "సాయంత్రం దాకా ఉంటావుగా?" అని మాత్రం అడిగాడు.

మధ్యాహ్నం భోజనం డబ్బా కడిగి వచ్చి ఆర్డర్ల బుట్టలోంచి చీటీ తీశాడు. చిన్నపిల్లాడి బడి చొక్కా. చీటీమీద తన పేరు.

చీటీని వెలుతురుకు పెట్టి మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, పోయేరోజు కూడా నాతో ఆటలేనా?"

గుండీలక్క దారం కొరుకుతూ తలెత్తింది. "నేనేం చేశానయ్యా?"

"ఇదెవరి పని మరి?"

"నా దగ్గరికొచ్చేవి గుండీలు. పేర్లు నీ దగ్గరికే వస్తాయి. నన్నడుగుతావేం?"

అతను నమ్మలేదు. చీటీని చొక్కాలో చుట్టి పాడైన గుడ్డల గంపలో పడేసి, మరో చొక్కా అందుకున్నాడు. కోపంతో తొక్కితే దారం పుటుక్కున తెగింది. మళ్ళీ ఎక్కించబోతే సూదిబెజ్జం కంటికి ఆనలేదు.

అప్పుడు ముందుగదిలోంచి ఒక ఆడగొంతు అతని పేరు పెట్టి గట్టిగా కసిరింది. దిగు, దిగమంటున్నానా, పడి పళ్ళూడగొట్టుకుంటావు అంటూ.

"ఆఁ, దిగుతున్నా," అన్నాడు మేనేజరు.

అనేసి లేచి నిలబడ్డాడు. గుండీలక్క ముక్కున వేలేసుకుంది. అమ్మ పోయాక ఆ పేరు అలా వినడం అదే మొదలు.

తెర తొలగించి చూశాడు. ముందుగదిలో బల్ల ఎక్కి కూర్చున్న ఒక పిల్లాడు కాళ్ళు ఆడిస్తున్నాడు. ముందుపళ్ళు ఊడి కొత్తవి రావాల్సి ఉంది. పక్కన వాళ్ళమ్మ, గొడుగు ముడుస్తూ.

"పొద్దున ఇచ్చివెళ్ళాను, ఈ పాటికి అయిపోతుందన్నారు," అంది ఆమె యజమానితో. "ఎక్కడ కుట్టించినా తప్పే కుడుతున్నారండీ. క్లాసులో వీణ్ణి ఏడిపిస్తున్నారు."

మేనేజరు పిల్లాడి దగ్గరికి వెళ్ళాడు. "ఏడిపిస్తే ఏడుస్తావా?"

"నేనెందుకేడుస్తా?" అన్నాడు వాడు. "వాళ్ళ పేర్లు అందరికీ ఉంటాయి. నాది ముందు పడవాయనది. తర్వాత బండితాతది. ఇప్పుడు నాది."

"బండితాతెవరు?"

"మా అమ్మని బండిమీద తోసుకెళ్ళాడు, నేను పుట్టేటప్పుడు. పే...ద్ద వాన. ఆయనేమో ఇంతెత్తుంటాడు!" వాడు బల్లమీద లేచి నిలబడి, చేతులు పైకెత్తి, అవీ చాలక మునివేళ్ళమీద లేచాడు.

తల్లి వాణ్ణి పట్టుకుని కూర్చోబెట్టింది. "రోడ్డు నిండా నీళ్ళండీ, ఒక్క వాహనం లేదు. నొప్పులొచ్చేశాయి. ఎవరో పెద్దాయన, చొక్కాల మూటలమీద నన్ను పడుకోబెట్టి ఆసుపత్రి దాకా తోసుకెళ్ళాడు. నేను భయపడకుండా దారంతా ఏవో కబుర్లు. పేరడిగితే చెప్పాడు. ఆ నొప్పుల్లోనూ నవ్వొచ్చింది నాకు. అప్పుడు ఆ పడవ కథ చెప్పాడు. లోపలికి తీసుకెళ్ళేసరికి మనిషి లేడు. మొహం కూడా సరిగ్గా చూడలేదు, నా ఒంటినిండా పట్టా కప్పేశాడు తడవకుండా."

యజమాని కుర్చీలోంచి ముందుకు వంగాడు. "ఏం పట్టా?"

"మూటల మీద కప్పేది. నీలం పట్టా."

యజమాని మేనేజరు వైపు తిరిగాడు. భుజంమీది నీలం మరక చూశాడు. "అంటే... ఆ రోజు పట్టా ఏమైందని నేను గొంతు చించుకుంటుంటే, గాలికి ఎగిరిపోయిందన్నావు కదయ్యా!"

"మరేం చెప్పమంటారు?" అన్నాడు మేనేజరు. "చొక్కాలైతే మళ్ళీ కుట్టుకోవచ్చు."

ఆమె చేతిలోని గొడుగు వదిలేసింది. అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పిల్లాడి గడ్డం పట్టి ఇటు తిప్పింది. "ఒరేయ్, చూడరా. ఈయనే."

వాడు కిందనుంచి పైదాకా చూశాడు. మొహం చిన్నబోయింది.

"ఇంత పొట్టిగా ఉన్నాడేంటమ్మా?"

మేనేజరు నవ్వాడు. నవ్వు ఆగలేదు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ తనతో ఆఖరు అనుకున్నాడు. తను ఇంట్లో కూర్చుని దిగులుపడుతున్నంతకాలం ఆ పేరు వీధుల్లో పరుగెత్తుతూ, గోడలెక్కుతూ, పళ్ళూడగొట్టుకుంటూనే ఉంది.

లోపలికెళ్ళి గంపలోంచి చొక్కా తీసి దులిపాడు. కొత్త అట్ట పరిచి కత్తి పట్టుకున్నాడు. పిల్లాడు వెనకే వచ్చి మోచేతి కింద తల దూర్చాడు. మందగించిన చూపుతో ఆ అక్షరాలెలా కోశాడో గుండీలక్కకు అర్థం కాలేదు. కళ్ళతో కొయ్యలేదు మరి. సుద్దపొడి తట్టి అట్ట ఎత్తగానే పిల్లాడు ఉఫ్‌మని ఊదేశాడు.

"అయ్యో, ఊదకూడదురా!"

"ఎందుకు?"

"పేరెగిరిపోతుంది."

"మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాడు. ఈసారి వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఎర్రదారంతో, ఒక్క కుట్టు కూడా జారకుండా కుట్టిచ్చాడు. వాడు అక్కడికక్కడే తొడుక్కుని, ఛాతీ విరుచుకుని వీధిలోకి నడిచాడు. మలుపు తిరిగేదాకా వాళ్ళమ్మ ఆ పేరుతో వాణ్ణి కసురుతూనే ఉంది. మేనేజరు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

సాయంత్రం మెషీనుమీద గుడ్డ కప్పి, కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకుని, భోజనం డబ్బా అందుకున్నాడు. రేపట్నుంచి ఆ సీట్లో కూర్చోబోయే అమ్మాయి కోసం సుద్దపొడి మూట కొత్తది కట్టి ఉంచాడు. యజమాని ఏదో అనబోయి, చొక్కా మరకమీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. మేనేజరు మెట్లు దిగుతుంటే గుండీలక్క గోడవైపు చూస్తూ, అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు, మొదటిసారి అతన్ని అసలు పేరుతో పిలిచింది.

"జాగ్రత్తగా వెళ్ళు."

అతను చెయ్యి ఎత్తి, వెనక్కి తిరగకుండానే వెళ్ళిపోయాడు.

లోపల దీపం ఆర్పేశారు. కిటికీ పక్కన చివరి మేకుకు కొత్త అట్ట వేలాడుతోంది. కోసిన అంచుల్లో ఇంకా కొంచెం సుద్దపొడి ఉంది.