పదమూడు దిష్టిచుక్కలు

"చిత్రాలు: భానుప్రకాష్" అని ఉంది కేలండర్ చివరి పేజీలో. అది చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదమూడు బొమ్మలు. పదమూడూ నేను గీసినవి. ఆ మహానుభావుడికి స్కేలు ఇచ్చినా గీత వంకరే పోతుంది.

నా పేరు కనకదుర్గ. మాది బెజవాడ. పేరుకు తగ్గ నోరే అని మా అత్తగారు అంటూ ఉంటుంది. పెళ్ళికి ముందు కమర్షియల్ ఆర్ట్ చదివాను. మా ఆయన సాయినాథ్ ఇంగ్లండులో, న్యూకాసిల్‌లో పెద్దాసుపత్రి డాక్టరు. ఆయన ఆసుపత్రి డ్యూటీల రోటా ప్రకారం పడుకుంటాడు, రోటా ప్రకారం లేస్తాడు, నాతో మాట్లాడడం ఆ రోటాలో ఎక్కడుందో నాకింతవరకూ దొరకలేదు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక భానుగారి డిజైన్ స్టూడియోలో చేరాను.

భానుగారు కాకినాడ మనిషి. "ఆయ్, అలాగేనండి," "మీ దయండి" అంటూ మాట నిండా బెల్లప్పాకమే. చేతిలో మాత్రం కత్తి ఉంటుంది. స్టూడియో తెరిచినప్పుడు గాజు తలుపు మీద పేరు రాసిపెట్టమని నన్నే అడిగాడు. రంగులతో రాసిచ్చాను. అంతా అయ్యాక వెనక్కి జరిగి చూసుకుని, "అమ్మా, కింద మూలగా ఓ దిష్టిచుక్క కూడా పెట్టు. ఈ వీధిలో అందరి కళ్ళూ మన కొట్టు మీదే," అన్నాడు. పెట్టాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మా స్టూడియోకి అన్నం పెట్టేది నది అవతల యూదుల గిఫ్ట్ షాపు. వాళ్ళ పండగలకి కార్డులు, కవర్లు, గోడకి తగిలించుకునే బొమ్మలు అన్నీ మేమే చేసిస్తాం. ఆ షాపు చూసుకునేది మిసెస్ ప్రిస్మన్ అనే ఆవిడ. తల మీద టోపీ, చేతిలో ఎర్ర పెన్ను. ఆ పెన్ను మూత పెట్టగా నేనెప్పుడూ చూళ్ళేదు.

మొదటి ఏడాది నన్ను ఏడిపించేసిందావిడ. వాళ్ళ దీపాల పండగకి మన దీపావళిలాగా తొమ్మిది దీపాలు ఒకే వరసలో గీశాను. ఎర్ర సున్నా చుట్టి వెనక్కి పంపింది. మిగతా ఎనిమిదింటినీ వెలిగించే దీపం విడిగానో, కాస్త ఎత్తులోనో ఉండాలట. ఇంకో పండగకి పులియని పిండితో చేసే రొట్టె గీయమంటే, రొట్టె అంటే పొంగితేనే అందమనుకుని, మా ఇంట్లో పుల్కాలాగా బూరెలా పొంగించి గీశాను. పొంగకపోవడమే ఆ రొట్టె గొప్పతనమట! ఆ కార్డు మీద ఎరుపు తప్ప వేరే రంగు కనపడకుండా చేసి పంపింది. "నీ చెయ్యి విరగ" అని ఆవిణ్ణి ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

కానీ పంతం పట్టాను. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చదివిన కొద్దీ, మా అమ్మమ్మ పంచాంగం తిరగేసినట్టే ఉంది. వాళ్ళవీ చంద్రుణ్ణి బట్టి వచ్చే నెలలే. వాళ్ళకీ అధికమాసం ఉంది. రెండువేల నాలుగులో మనకి అధిక శ్రావణం వచ్చింది, ఆ సెప్టెంబర్‌లో మొదలయ్యే వాళ్ళ కొత్త సంవత్సరంలోనూ ఓ నెల ఎక్కువొచ్చింది. అందుకే కేలండర్‌కి పదమూడు బొమ్మలు.

ఆ కేలండర్ ఆర్డరు వచ్చినప్పుడు మిసెస్ ప్రిస్మన్ ఒక మాట అంది. కార్డుల మీద ఎవరి పేరూ ఉండదు గానీ కేలండర్ ఏడాదంతా గోడ మీద ఉంటుంది, దాని మీద ఆర్టిస్టు పేరు వేయాలని. ఆ మాట విని నేను ఎగిరి గంతేశాను. ఈ దేశంలో నా పేరున్న కాగితాలు రెండే రెండు. ఇంటికి కట్టే కౌన్సిల్ టాక్స్ బిల్లు, జీపీ సర్జరీ అనే మా పేట క్లినిక్కు నుంచొచ్చే ఉత్తరం. మిగతా అందరికీ నేను డాక్టర్‌గారి భార్యని. నేను గీసినదాని కింద నా పేరు చూసుకోవాలని నాకెంత ఆశగా ఉందో ఎవరికి చెప్పను? వేసవంతా వంచిన నడుం ఎత్తకుండా గీశాను.

తీరా ప్రెస్సుకి వెళ్ళే ముందు ప్రూఫు చూస్తే ఈ పేరు.

ఫైలు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పడేశాను.

"ఏంటిది భానుగారూ?"

"ఏదమ్మా?"

"ఈ పేరు."

"ఆయ్, అదా! స్టూడియో అంటే నేనే కదమ్మా."

"గీసింది నేను కదా!"

"నువ్వే గీశావు. కాదన్నానా?" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది. "కానీ ఆర్టిస్టుని నేనేనని ఆవిడకి మొదట్నుంచీ చెబుతూ వచ్చాను. ఇప్పుడు కాదంటే నన్ను అబద్ధాలకోరు అనుకోదూ? నా పరువు నీ పరువు కాదా?"

"మీరు అబద్ధమే కదండీ చెప్పింది!"

"చూడు దుర్గమ్మా. అవి మన దేవుళ్ళు కాదు, మన పండగలు కాదు. పేరుంటే ఎంత, లేకపోతే ఎంత? ఇష్టం లేకపోతే మానెయ్యి. బొమ్మలు మాత్రం స్టూడియోవే."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "పోనీలే దుర్గా, గొడవెందుకు," అన్నాడు. ఆయనకి అన్నం పెట్టాను గానీ పెరుగు వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాకో అలవాటుంది. ఏ బొమ్మ గీసినా అది బాగా కుదిరితే ఎక్కడో ఒకచోట చిన్న నల్లచుక్క పెడతాను. దిష్టిచుక్క. చంటిపిల్లాడి బుగ్గ మీద పెట్టమూ, అలాగే. తేనె గిన్నె అడుగునో, దీపం సెమ్మె పాదం దగ్గరో పెడతాను. ఈ పదమూడు బొమ్మలకీ పెట్టాను. ఇప్పుడు ఒక్కొక్క బొమ్మే తెరిచి ఆ చుక్కలన్నీ తుడిచేశాను. పేరు నాది కానప్పుడు కాపలా నాదెందుకు? దిష్టి తగలనీ. పగిలిపోనీ. తుడుస్తుంటే మాత్రం, బిడ్డ బుగ్గ మీద చుక్క చెరిపేసి నడిబజార్లో నిలబెట్టినట్టనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆపలేదు. అన్నీ మళ్ళీ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టాను.

ఆ మధ్యాహ్నమే మిసెస్ ప్రిస్మన్ ఆఖరిసారి చూసి సరే అనడానికి వచ్చింది. భానుగారు కుర్చీ లాగి, కోటు అందుకుని, ఒకటే హడావుడి. నన్ను టీ పెట్టమన్నాడు. పెట్టాను. ఆవిడ తన ఫ్లాస్కులో తెచ్చుకున్నదే తాగింది, ఎప్పుడూ అంతే.

ఒక్కో పేజీ తిప్పింది. మళ్ళీ మొదటికొచ్చింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

"చుక్కలేవి?" అని అడిగింది ఇంగ్లీషులో.

నా చేతిలో టీకప్పు అలాగే ఆగిపోయింది.

"ఏ చుక్కలండి?" అన్నాడు భానుగారు.

"ప్రతి కార్డు మీదా ఉండే నల్లచుక్క. మొదట్లో మీకు రాశాను కూడా, మరకేంటని."

"అదాండి!" అని పెద్దగా నవ్వాడాయన. "దుమ్మండి. స్కానర్ గాజు మీద దుమ్ము. ఇప్పుడు శుభ్రం చేయించాను."

దుమ్ము! కొట్టు తలుపు మీద అడిగి మరీ దిష్టిచుక్క పెట్టించుకున్న మనిషి! వాళ్ళమ్మాయి మానసకి స్కూలు ఫొటో రోజున చెవి వెనక కాటుక చుక్క పెట్టి పంపిన మనిషి! తెల్లవాళ్ళ ముందు దిష్టి అంటే నామోషీ అని అన్నం తినే నోటితో దుమ్ము అనేశాడు.

"దుమ్మా?" అంది మిసెస్ ప్రిస్మన్. "నేను ప్రతి పండగకీ చూస్తున్నాను. యాపిల్ కింద ఉంది, దీపం పాదం దగ్గర ఉంది. ఒక్కసారి కూడా అక్షరం మీద పడలేదు, మంట మీద పడలేదు. కార్డు రాగానే మా మనవలు ముందు దాన్నే వెతుకుతారు. ఇంత బుద్ధున్న దుమ్ముని నేనెక్కడా చూడలేదు. ఈ బొమ్మలు మీరే గీశారా?"

భానుగారి మొహాన నెత్తురుచుక్క లేదు. నా వైపు తిరిగి తెలుగులో, "నోరు తెరిచావంటే ఊరుకోను. దిష్టీ గిష్టీ అని చెబితే మనల్ని అడివి మనుషులనుకుంటారు," అన్నాడు.

"మీరేమైనా అనుకోండి," అని తెలుగులోనే అనేసి ఆవిడ వైపు తిరిగాను. "అది దుమ్ము కాదండి. చెడ్డ కన్ను పడకుండా పెడతాం. బాగున్నదానికే పెడతాం."

ఆవిడ మొహంలో నవ్వు లేదు, ఏమీ లేదు. "మా అమ్మమ్మ అయితే దానికి మూడుసార్లు ఉమ్మేది. మీ పద్ధతి శుభ్రంగా ఉంది," అంది. "ఎవరు పెడతారు?"

"గీసినవాళ్ళు."

"మరి ఎవరు తీసేశారు?"

"గీసినవాళ్ళే."

"ఎందుకు?"

ఆఖరి పేజీ తిప్పి, ఆ పేరు మీద వేలు పెట్టాను.

భానుగారు ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఎర్ర పెన్ను తీసి ఆ పేరుని అడ్డంగా కొట్టేసింది. ఇన్నేళ్ళూ నా ప్రాణం తోడేసిన పెన్ను అది.

"మీ పేరు?"

చెప్పాను. ఒక్కొక్క అక్షరమే అడిగి, పక్కన రాసింది.

"కూర్చుని పెట్టండి. పదమూడూ పెట్టాలి. అయ్యాక డిస్కు నేనే ప్రెస్సుకి తీసుకెళ్తాను," అంది. నాకు ఏడుపొచ్చేలా ఉంది, థాంక్స్ చెప్పబోయాను. ఆవిడ వినిపించుకుంటేనా! "ఆకుల పందిరి పండగ బొమ్మలో పండు ఇంకా నిమ్మకాయలాగే ఉంది. కొన సరిగ్గా రాలేదు. అది కూడా మార్చండి," అంది. ఆ పూట కూడా ఆవిడంటే నాకు ఒళ్ళుమంటే.

చుక్కలన్నీ పెట్టాను. పండుకి కొన తెచ్చాను. ఆఖరి పేజీలో నా పేరు టైపు చేశాను. ఆవిడ డిస్కు బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే భానుగారి బెల్లప్పాకం విరిగిపోయింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం నువ్వు! రేపట్నుంచి ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"తొక్కమని బతిమాలినా తొక్కను," అని కోటు వేసుకుని, నా బ్రష్షులన్నీ సంచీలో పడేసుకుని బయటికొచ్చాను.

వీధిలోకొచ్చి వెనక్కి తిరిగి చూశాను. గాజు తలుపు మీద నేను రాసిన అక్షరాలు ఎండకి మెరుస్తున్నాయి. ఎంత బాగా రాశాను! కింద మూలన నేను పెట్టిన చుక్క, అలాగే ఉంది. సంచీలోంచి ఇంటి తాళంచెవి తీసి, వంగి, దాన్ని గీకడం మొదలుపెట్టాను.

లోపల కుర్చీ పడిన చప్పుడైంది. భానుగారు తలుపు తోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా, అమ్మా దుర్గమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని మాత్రం తియ్యకు!"

"దుమ్మే కదండీ భానుగారూ," అన్నాను గీకుతూనే. "శుభ్రం చేసి పోతున్నాను."