ఇది నకలు, అసలు కొనండి

కోరుట్లలో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు కొట్టే షాపులు నేనెరిగినంతలో పదకొండు. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్‌ని డబ్బులిచ్చి కొన్న మొనగాడు మాత్రం ఒక్కడే. ఆ తెలివితక్కువవాణ్ణి నేనే. పేరు హరిప్రసాద్. మాది సిరిసిల్లలో మగ్గాల కుటుంబం. ఇంకొకరి చీర అంచు చూసి తన మగ్గం మీద దింపితే చేతులు పడిపోతాయని నమ్మి బతికిన మనిషి మా నాన్న శంకరయ్య. ఆ రోగం నాకూ అంటింది. "ఇక్కడ దొంగపని లేదు" అని షాపు ముందు బోర్డు కూడా పెట్టుకున్నాను. ఎదురు షాపు యాదగిరి రోజుకొక్కసారైనా ఆ బోర్డు కింద నిలబడి నవ్విపోతాడు. వాడిది పెన్‌డ్రైవ్‌లో వచ్చిన దొంగ కాపీ.

కొన్న పాపానికి కంపెనీ నాకేం చేసిందో వినండి. బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి ఇచ్చింది. దాన్ని తాళం అంటారు. అది కంప్యూటర్‌కు గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నన్ను నమ్ముతుంది. పీకితే నేను దొంగను. పదిహేనేళ్లుగా రోజూ పొద్దున్నే దాని ముందు నేను మంచివాణ్ణని రుజువు చేసుకుంటున్నాను. అత్తగారింట్లో కూడా నన్ను అన్నిసార్లు అనుమానించలేదు.

మొన్న దసరాకు షాపులో ఆయుధపూజ చేశాం. మా ఆవిడ రమ ప్రింటరుకు బొట్టు పెట్టింది, కత్తెరకు పెట్టింది, కాగితాలు కోసే మిషనుకు పెట్టింది. నేను బయట గుమ్మడికాయ కొట్టి లోపలికొచ్చేసరికి తాళాన్ని పీకి, నీళ్లతో కడిగి, దానికి పసుపు పూస్తోంది. అది కూడా మెట్‌పల్లి నుంచి వాళ్లన్న పంపిన పసుపు, నీళ్లు పోసి ముద్దగా నూరింది.

"ఓసి నీ పాడుగాను! దాన్నెందుకు కడిగినవ్?"

"గీ తాళమే గదయ్యా మనకు అన్నం పెట్టేది? అన్నిటికి బొట్టు పెట్టి దీన్ని ఇడిసిపెడ్తే ఉసురు తాకదా?"

తెల్లారి తాళాన్ని తుడిచి గుచ్చితే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ పూటే బీర్పూర్ నుంచి లక్ష్మవ్వ వచ్చింది. కూలిపని చేసుకునే మనిషి. వెంట బిడ్డ ప్రవళిక. ప్రవళికకు రుద్రంగి అబ్బాయి ప్రభుదాస్‌తో చర్చిలో పెళ్లి. మధ్యలో జగిత్యాలలో అన్ని షాపులుండగా, రెండు బస్సులు మారి నా దగ్గరికే వచ్చింది.

"మా పెద్దదాని కార్డు జగిత్యాలల కొట్టిస్తే, ఇంకెవలిదో కార్డు మీద పేర్లు మార్చి ఇచ్చిండ్రు తమ్మి. తాత పేరు మార్చుడు మర్చిపోయిండ్రు. పెండ్లిల అందరు గా తాతెవలని అడుగుడే. నువ్వు దొంగపని జెయ్యవంట గదా, గందుకే అచ్చిన. ఆదివారం పాస్టరుగారు ప్రార్థన జేసినంకనే కార్డులు పంచుతం."

"శనివారం సాయంత్రం తీస్కపో అక్కా. నా మాట."

అక్కడికక్కడే టైపు చేసి, సరిచూసుకోమని ఒక కాపీ తీసిచ్చాను. ప్రవళిక పైకి చదివింది.

"వరుడు, చిరంజీవి ప్రభుదాస్. ఇది నకలు. అసలు కొనండి."

లక్ష్మవ్వ లేచి నిలబడింది. "కొనుడేంది? కట్నం ముచ్చటే లేదని వాళ్లే గదనే అన్నరు!"

"గది కాదమ్మా. నకలని రాసుంది."

"నకలా? మరి అసలు పిలగాడు ఏడున్నడు?"

కాగితం లాక్కుని చూశాను. నిజమే. తెర మీద లేని ముక్క కాగితం మీద నడిమధ్యన నల్లగా అచ్చయింది. తాళం లోపలికి తడి పోయిందన్నమాట. సాఫ్ట్‌వేర్ నన్ను దొంగ కింద లెక్కగట్టి, నా గిరాకీకి చాటింపు వేస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. తల్లీబిడ్డలకు సర్దిచెప్పి పంపి కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

"మీ తాళం ఫొటో పంపండి సార్."

పంపాను.

"సార్, మా తాళం నల్లగా ఉంటుంది. మీది పచ్చగా ఉంది. ఇది మాది కాదు."

"మీదే తల్లీ. దసరాకు పసుపు పూసినం."

"తాళానికి పసుపెందుకు సార్?"

"మీరు పుయ్యరా?"

"మా రూల్స్‌లో లేదు సార్. దాన్ని హైదరాబాద్‌కు కొరియర్ చేయండి. పరీక్షించి పంపడానికి పది రోజులు పడుతుంది. తొందరగా కావాలంటే కొత్తది కొనుక్కోవచ్చు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కొన్నదాన్నే మళ్ల కొనాల్నా? గా యాదగిరిగాడు ఒక్కసారి గూడ కొనలే. వానికి గీ ఫోన్ గూడ అక్కెర లేదు!"

"యాదగిరి ఎవరు సార్? అడ్రస్ చెప్తారా?"

ఫోన్ పెట్టేశాను. ఎంతైనా ఎదురు షాపువాడు. తాళాన్ని కొరియర్‌లో వేసి వచ్చాను.

తాళం లేకున్నా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది గానీ, ప్రతి కాగితం మీదా ఆ మాట కొడుతుంది. ఇక ఆ రెండు రోజులు నేను పడ్డ తిప్పలు పగవాడికి కూడా వద్దు. వరుడి పేరు పైకి జరిపితే ఆ మాట పాస్టరుగారి పేరు కింద పడింది. పాస్టరుగారిని జరిపితే వరుడి ఫొటో మీదికెక్కి మీసాల్లో కూర్చుంది. దాన్ని ఎలాగో తప్పిస్తే బైబిలు వాక్యం కింద తేలింది. ఆ కాగితాన్ని నేనే చింపి పొయ్యిలో వేశాను. రమ బంగారు రంగు స్టిక్కర్లు తెచ్చి అంటించింది. వాటి కింద ఏముందోనని చూసినవాడల్లా గోటితో గీకుతున్నాడు.

శనివారం మధ్యాహ్నం తల వంచుకుని యాదగిరి షాపుకు పోయాను. వాడు నవ్వలేదు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. వాడు నవ్వినా బాగుండేది.

"హరన్నా, నీ తప్పేం లేదే. నువ్వు సాఫ్ట్‌వేర్ కొన్న అనుకున్నవ్. నువ్వు కొన్నది తాళం. నాకు తాళం లేదు, గందుకే నా తలుపు ఎప్పటికి తెరిసే ఉంటది."

పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. దాన్ని నా కంప్యూటర్‌లో పెడుతూ చేతులు పడిపోతాయేమోనని చూసుకున్నాను, ఒట్టు. అయిదు నిమిషాల్లో తెరుచుకుంది. ప్రశ్న లేదు, అనుమానం లేదు. కార్డులు ముత్యాల్లా వచ్చాయి. దొంగ కాపీ నాతో అంత మర్యాదగా ఉంటే నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం లక్ష్మవ్వ వచ్చి కార్డులు తడిమి తడిమి చూసుకుంది. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాను.

"అక్కా, నీతోని అబద్ధమెందుకు? ఇయ్యి దొంగ సాఫ్ట్‌వేర్‌తోని కొట్టినయ్. నా మీది నమ్మకంతోని అచ్చినవ్, నేను దొంగపనే జేసిన."

ఆమె కార్డు మీద ప్రభుదాస్ పేరును వేలితో చూపించింది.

"పిలగాడైతే అసలే గదా?"

"అసలే."

"మరింకేంది తమ్మి! పెండ్లికి నువ్వు, మరదలు కల్సి రావాలె."

ఆమె వెళ్లగానే పెన్‌డ్రైవ్ యాదగిరికి తిరిగిచ్చేసి, ఆ కాపీని కంప్యూటర్‌లోంచి తుడిచేశాను.

పది రోజులకు తాళం తిరిగొచ్చింది, నల్లగా నిగనిగలాడుతూ. గుచ్చాను. తెర ఎర్రబడింది. "ఈ కంప్యూటర్‌లో దొంగ కాపీ వాడిన గుర్తులున్నాయి. కంపెనీని సంప్రదించండి" అంది. ఫోన్ చేస్తే మళ్లీ ఆ అమ్మాయే ఎత్తింది.

"ఒకటే ప్రశ్న సార్. దొంగ కాపీ ఎప్పుడైనా వాడారా? లేదంటే ఇప్పుడే తెరుస్తాను. అవునంటే మీ తాళం శాశ్వతంగా మూసేయాలి."

రమ ఎదురుగా నిలబడి లేదను, లేదను అని రెండు చేతులూ ఊపుతోంది. మా నాన్న గుర్తొచ్చాడు.

"వాడిన. ఒక్క పూట."

"ఎందుకు సార్?"

"మీది కొన్నందుకు."

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "సార్, లైన్ సరిగా లేదు. 'లేదు' అన్నారు కదా?" అంది.

"వాడిన అన్న! చెవుడా?"

రమ ఫోన్ గుంజుకుంది. "లేదన్నడు బిడ్డా, లేదన్నడు. ఈయనకు కోపమొస్తే లేదనేదాన్ని గిట్లనే అంటడు."

"థాంక్స్ మేడమ్. నాకూ అలాగే వినబడింది."

తెర మీది ఎరుపు పోయింది. పదిహేనేళ్లు నిజం చెప్పిన మనిషిని ఏ ఒక్కరోజూ ఊరికే నమ్మని సాఫ్ట్‌వేర్, ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఆడిన ఒక్క అబద్ధాన్ని కిక్కురుమనకుండా నమ్మేసింది.