చెక్క గొట్టం విన్న రెండు గుండెలు

నేను ఒక చెక్క గొట్టాన్ని. జానెడు పొడవు ఉంటాను. ఒక కొస బూరలా విచ్చుకుని ఉంటుంది, రెండో కొస చెవికి ఆనేలా చదునుగా ఉంటుంది. గర్భిణి పొట్ట మీద నన్ను ఆనించి చెవి పెడితే లోపలి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుంది. నా పని అంతే.

నన్ను చేసింది ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ముత్యాలాచారి. బొంగరాలకు తెచ్చిన అంకుడు కర్రలోంచే నన్నూ తీశాడు. రంగు వెయ్యొద్దన్నారని చాలా నొచ్చుకున్నాడు. ‘ఆసుపత్రోళ్ళకి ఎర్రరంగు అందం తెలీదు’ అని గొణుక్కుంటూనే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

అలా నాగావళి ఒడ్డున ఒక చిన్న పట్నంలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి చేరాను. నన్ను చేయించింది డాక్టర్ శశిరేఖ గారే అయినా, రోజంతా నన్ను పట్టుకు తిరిగింది మాత్రం సిస్టర్ సువార్తమ్మ. ఆవిడ నన్ను ఒక పొట్ట మీద పెట్టి వంగిందంటే వార్డంతా నిశ్శబ్దమైపోవాల్సిందే. పక్కనున్న మనిషి మాట పట్టించుకోని వాళ్ళు కూడా, ఇంకా పుట్టని మనిషి కబురు కోసం ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

నీలవేణి మా దగ్గరికి వచ్చేసరికి ఆమె పెళ్ళై తొమ్మిదేళ్ళు. భర్త తవిటయ్య జనపనార మిల్లులో పనిచేసేవాడు. తొమ్మిదేళ్ళలో ఆమె మొక్కని దేవుడు లేడు, తాగని పసరు లేదు. అత్తగారు కొడుక్కి మరో సంబంధం చూడడం కూడా మొదలుపెట్టింది. శశిరేఖ గారు మొగుడూపెళ్ళాలిద్దరికీ పరీక్షలు చెయ్యాలన్నారు. ‘నాకేటైంది?’ అని తవిటయ్య ఆరు నెలలు మొహం చాటేశాడు. చివరికి వచ్చాడు. అతనిలో ఏ లోపమూ లేదు. నీలవేణికి మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించిందని విశాఖపట్నం నుంచి కాగితం వచ్చింది. రోజుకో చిన్న మాత్ర మింగమన్నారు, అంతే. తొమ్మిదేళ్ళ ఏడుపుకి మందు శనగ బద్దంత కూడా లేదు.

ఏడాది తిరక్కుండా ఆమె నెల తప్పింది. ఆరో నెలలో సువార్తమ్మ నన్ను పొట్ట మీద పెట్టి విని, నవ్వి, తవిటయ్యను పిలిచింది. అతను చెవి ఆనించాడు. కాసేపు ఏమీ అర్థం కాలేదు. ఉన్నట్టుండి కళ్ళు పెద్దవయ్యాయి.

“ఇనపడతందే నీలా! మగ్గం ఆడినట్టు టకటకా కొట్టుకుంటంది!”

అతని చెవి నా మీద తడితడిగా అంటుకుంది. చెమటో, కన్నీరో నాకు తెలియదు.

ఎనిమిదో నెల నిండుతుండగా ఒక మంగళవారం నీలవేణి ఒక్కతే వచ్చింది. ఆ రోజు డాక్టరమ్మ పల్లెలో వైద్య శిబిరానికి వెళ్ళారు. వరండా నిండా గర్భిణులే. సువార్తమ్మకు ఊపిరి తీసుకునే తీరిక లేదు.

“తలకాయ పగిలిపోతందమ్మా, రెండ్రోజుల్నుండి. కళ్ళకి మసక కమ్ముతంది. కాళ్ళు వాసిపోయి సెప్పులు కూడా పట్టడం నేదు” అంది నీలవేణి.

సువార్తమ్మ నన్ను పొట్ట మీద పెట్టింది. నిమిషానికి నూట నలభై. శుభ్రంగా ఉంది.

“ఎండన పడి వచ్చావు కదమ్మా, అందుకే. బిడ్డ గుండె బ్రహ్మాండంగా ఉంది. ఇంటికెళ్ళి పడుకో” అంది. బీపీ చూసే యంత్రం అవతలి గదిలో ఉంది. తెచ్చి చూడలేదు.

ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసింది బిడ్డ గుండె ఒక్కటే, తల్లి తలలో ఏం రగులుతోందో చెప్పడం నా చేత కాదు. కానీ నా మాట విని ఇద్దరాడవాళ్ళూ ధైర్యపడ్డారు.

గురువారం పొద్దున్న పదింటికి నీలవేణిని రిక్షాలో తీసుకొచ్చారు. చీర మోకాళ్ళ దాకా ఎర్రగా తడిసింది. పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. బీపీ పట్టీ కట్టిన శశిరేఖ గారి మొహం పాలిపోయింది. బీపీ పెరిగి, ప్రసవానికి ముందే మాయ గర్భసంచి నుంచి విడిపోయింది. సువార్తమ్మ నన్ను పొట్ట మీద అటు పెట్టింది, ఇటు పెట్టింది, బొడ్డు కింద పెట్టింది. నా ద్వారా బిడ్డ చప్పుడు ఏదీ వెళ్ళలేదు.

డాక్టరమ్మ బయటకొచ్చి తవిటయ్యతో చెప్పారు: “బిడ్డ దక్కలేదయ్యా. తల్లిని కాపాడాలి. వెంటనే కాన్పు చేస్తాం. అప్పటికీ రక్తం ఆగకపోతే గర్భసంచి తీసెయ్యాలి. సంతకం పెట్టు.”

“గర్భసంచి తీసెత్తారా? నాను పెట్టను. నా బిడ్డ బతికే ఉంది!”

తలుపు తోసుకుని లోపలికి వచ్చి, సువార్తమ్మ చేతిలోంచి నన్ను లాక్కుని భార్య పొట్ట మీద పెట్టి వంగాడు. విన్నాడు.

“ఇనపడతంది! అబద్దాలు సెప్తన్నారు మీరు! అదుగో, అప్పటిలాగే టకటకా కొట్టుకుంటంది!”

నిజమే, చప్పుడు ఉంది. ఆ ఒక్క క్షణం డాక్టరమ్మ కూడా ఆగిపోయారు. సువార్తమ్మ మాత్రం అతని కుడిచెయ్యి అందుకుని, వేళ్ళు తీసుకెళ్ళి నీలవేణి మణికట్టు మీద పెట్టింది.

“చెవి తియ్యకు నాయనా. అలాగే విను. వేళ్ళ కింద నాడి చూడు. రెండూ ఒక్కసారే కొట్టుకుంటున్నాయా?”

అతను చాలాసేపు విన్నాడు. తల ఊపాడు.

“అది నీ పెళ్ళాం గుండె, తవిటయ్యా. రక్తం పోతుంటే అలా పరిగెడుతోంది. అదొక్కటే మిగిలింది. దాన్నైనా నిలుపుకుందాం.”

నన్ను మంచం మీద వదిలేసి అతను వేలిముద్ర వేశాడు. తర్వాత పక్క గదిలో పడుకుని చెయ్యి చాపి, తన రక్తమూ ఇచ్చాడు.

ఆడపిల్ల, ఊపిరి లేకుండానే పుట్టింది. నెత్తురు ఆగలేదు. గర్భసంచి తీసేశారు. నీలవేణి బతికింది.

ఇప్పుడు నేను నర్సుల శిక్షణ పాఠశాలలో అద్దాల బీరువాలో ఉన్నాను. మీట నొక్కితే గదంతా వినిపించే యంత్రాలు వచ్చాయి. నన్ను చూసి అమ్మాయిలు ‘పిల్లనగ్రోవా?’ అని నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళలో కొందరికి పాఠం చెప్పింది సువార్తమ్మే. ముందు తల్లిని అడగండి, ముందు బీపీ చూడండి, ఆ తర్వాతే బిడ్డ చప్పుడు అని మొదటిరోజే చెప్పేది. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక్క మనిషికి చెప్పింది. ఆపరేషన్ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం నీలవేణి మంచం పక్కన స్టూలు వేసుకు కూర్చుంది. నేను ఆవిడ చీర మీది తెల్లకోటు జేబులో ఉన్నాను.

“మంగళవారం నువ్వు తలనొప్పి అన్నావు. నేను బీపీ చూడలేదు. చూసుంటే ఆ రోజే చేర్చుకునేవాళ్ళం. తప్పు నాదమ్మా.”

నీలవేణి తిట్టలేదు. పరవాలేదనీ అనలేదు. ఆమెకు తెలివొచ్చేలోపే తవిటయ్య బిడ్డను తీసుకెళ్ళి పూడ్చేసి వచ్చాడు. బిడ్డ ఎలా ఉందని ఆమె అడిగితే ‘నాను మొకం సూడనేదే’ అని ఏడ్చాడట.

“పిల్లకి నీళ్ళు పోసింది నువ్వేనటగదమ్మా?” అని అడిగింది నీలవేణి.

“నేనే.”

“ఎవుల పోలిక?”

సువార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“నుదురు నీదే. ముక్కు మాత్రం మీ ఆయనది.”

“జుట్టుందా?”

“ఉంది. ఒత్తుగా, చెవుల మీదకి పడేటంత.”

నీలవేణి అతికష్టం మీద ఆవిడ వైపు ఒత్తిగిలి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“ఇంకా సెప్పమ్మా.”