మూలన కూర్చున్న కాపలా

పప్పులో తాలింపు వేసి మూత పెట్టేలోపు ఆ టింగుమనే చప్పుడు మూడోసారి వినిపించింది. జిప్పోరా గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చింది. ల్యాప్‌టాప్ తెర మీద కుడివైపు కింద మూలన ఎర్రటి డబ్బా లేచి నిలబడింది. 'మీ రక్షణ గడువు ముగిసింది. వెంటనే పొడిగించుకోండి.' దాని కింద రెండు మీటలు: ఇప్పుడు, తర్వాత. వద్దు అనే మీట అసలు లేనేలేదు. ఏడాదిగా ఆమె రోజుకు ఇరవైసార్లు 'తర్వాత' నొక్కుతూనే ఉంది. ఇవాళ తర్వాత అంటే కుదరదు.

మధ్యాహ్నం మూడింటికి పరీక్ష. కోర్టు వాంగ్మూలాలు విని ఇంటి నుంచే టైపు చేసే ఉద్యోగం. మధ్యాహ్నం రెండు కొట్టేలోపు పరీక్ష ప్రోగ్రాం కంప్యూటర్ని తనిఖీ చేసి పచ్చగుర్తు వేయాలి. ఉదయం నుంచి ఆ తనిఖీ ఒక్కచోటే ఆగిపోతోంది. వేరే భద్రతా సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా తీసేసి రండి అంటోంది. ఇది తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే.

ఆ యాంటీవైరస్ ఎవరూ అడిగి వేయించుకున్నది కాదు. పోయిన ఫిబ్రవరిలో ఆబిడ్స్‌లో ల్యాప్‌టాప్ కొన్నప్పుడే లోపల ఉండి వచ్చింది. భర్త ప్రభుదాస్ దానికి తన ఫోన్ నంబరిచ్చి, ఎవరూ కెలకకుండా పాస్‌వర్డ్ పెట్టాడు. ఇంట్లో ఆ ల్యాప్‌టాప్ మీద పనిచేసేది జిప్పోరా ఒక్కతే. ఎవరూ అంటే ఆమేనన్నమాట. పెళ్లికి ముందు నాంపల్లి కోర్టుల ఎదుట వకీళ్ల దగ్గర షార్ట్‌హ్యాండ్ రాసి టైపు చేసిన చెయ్యి. ఇప్పుడు చర్చి కమిటీ మీటింగుల మినిట్స్, ప్రభుదాస్ ఆఫీసు లెటర్లు, మరిది స్థలం గొడవ పిటిషన్, ఆడపడుచు కూతురి పెళ్లి శుభలేఖ, అన్నీ ఆ చెయ్యే చేస్తుంది. 'నీకేముంది, కూసున్నకాడ వేళ్లు ఆడిచ్చుడే గద' అంటాడాయన. మినిట్స్ చదివినప్పుడల్లా కమిటీవాళ్లు ప్రభుదాస్‌నే మెచ్చుకుంటారు, తప్పుల్లేకుండా తెచ్చినందుకు. ఆయన వినయంగా తల వంచుతాడు. ఆ వినయాన్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది.

తొలగించు అని నొక్కింది. పాస్‌వర్డ్ అడిగింది. అరనిమిషంలో ఫోను మోగింది. బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి ప్రభుదాస్.

"ఏం కెలుకుతున్నవ్ దాంట్ల? ఎవరో రక్షణ తీసేస్తున్నరని నాకు మెసేజొచ్చింది."

"ఎవరో కాదు, నేనే. పరీక్షకు అడ్డమొస్తున్నది. పాస్‌వర్డ్ జర చెప్పుండ్రి."

"గట్ల తీస్తే వైరస్‌లొస్తయ్, నీకు తెల్వదు. సాయంత్రం వచ్చి చూస్తా."

"పరీక్ష మూడింటికి."

"నీకు ఉద్యోగం లేక ఏం ఆగిందే? మీటింగ్‌ల ఉన్న, పెట్టేయ్."

సోఫాలో కూర్చున్న అత్తగారు ఎమిలీ కళ్లద్దాలు సర్దుకుంది. "వాడు వద్దన్నడంటే నీ మంచికే బిడ్డా. జర చాయ్ పెట్టు."

జిప్పోరా చాయ్ పెట్టింది. చాయ్ పెట్టినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపంతోనే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, బిల్లు వెతికి పట్టుకుని, ఆటో ఎక్కింది. ఆబిడ్స్ పోస్టాఫీసు దాకా ట్రాఫిక్ కదల్లేదు. చివరికి దిగి, ఎండలో నడిచి షాపుకు చేరేసరికి పన్నెండున్నర.

కౌంటర్‌లో ఉన్న శశికిరణ్ కిందటేడు ల్యాప్‌టాప్ అమ్మినవాడే. ఆమె మొత్తం చెప్పేదాకా ఆగి, బిల్లు మీద నంబరు చూసి, "సార్‌తో ఒకసారి మాట్లాడతా మేడం" అన్నాడు.

"వాడేది నేను. సార్‌తో ఏంది?"

"సార్ పేరు మీదున్నది కద. సార్ చెప్పకుంట తీస్తే రేపు నన్నంటరు." అప్పటికే ఫోన్ కలిపాడు. "నమస్తే సార్... ఔ సార్, మేడం వచ్చిన్రు... ఔ, ఔ... గట్లనే సార్." ఫోన్ పెట్టేసి ఆమెవైపు జాలిగా చూశాడు. "వద్దన్నరు మేడం."

ఇద్దరు మగవాళ్లు ఆమె వస్తువు గురించి ఆమె ముందే మాట్లాడుకుని తేల్చేశారు. పిల్లదాన్ని బడి నుంచి పంపినట్టు పంపుతున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపుతో కాదు, విసుగుతో. జిప్పోరా కదల్లేదు.

"సరే, తియ్యకు. ఎట్ల తీస్తరో చెప్పు."

"మీకు కష్టం మేడం, మస్తుంటది." వదిలించుకోవడానికి గబగబా చెప్పేశాడు. మామూలుగా తీసేస్తే సగమే పోతుందనీ, మళ్లీ ఆన్ చేయగానే మిగిలిన ముక్కలు లేచి కూర్చుంటాయనీ, కంపెనీవాళ్ల సైట్లోనే తుడిచేసే చిన్న ప్రోగ్రాం ఉంటుందనీ, దాన్ని సేఫ్ మోడ్‌లో, అంటే కంప్యూటర్ని అవసరమైనవాటితో మాత్రమే ఆన్ చేసి, నడపాలనీ, వీటన్నిటికీ ముందు పాస్‌వర్డ్ కావాలనీ. జిప్పోరా బిల్లు వెనక షార్ట్‌హ్యాండ్‌లో ఒక్క మాట పోకుండా రాసుకుంది. వకీళ్ల నోట్లోంచి ఇంతకన్నా వేగంగా వచ్చినవే రాసింది. శశికిరణ్ నోరు తెరుచుకుని ఆ గీతలు చూస్తుండగా బయటికి వచ్చేసింది.

ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. పాస్‌వర్డ్ తెర ముందు కూర్చుంది. మూడుసార్లు తప్పు కొడితే గంటసేపు తాళం పడుతుందని కింద రాసి ఉంది.

ప్రభుదాస్ పాస్‌వర్డ్‌లకు ఒక పద్ధతుంది. కొత్త సంవత్సరం ఉదయం ఆరాధనలో అందరూ వరసగా వెళ్లి పళ్లెంలోంచి వాగ్దాన కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట అది. కార్డు మీది అధ్యాయం, వచనం, వెనక సంవత్సరం కలిపితే ఆయన కరెంటు బిల్లుకైనా బ్యాంకుకైనా అదే పాస్‌వర్డ్. భర్త లావాదేవీలన్నీ టైపు చేసే మనిషికి ఆ మాత్రం తెలియదా?

ఈ ఏటి కార్డు నంబరు కొట్టింది. తప్పు. ఔను మరి, ల్యాప్‌టాప్ కొన్నది పోయినేడు. పోయినేడు ఆయన చేతికొచ్చిన కార్డు జిప్పోరా బైబిల్లోనే ఉంది. తీసి, చూసి కొట్టింది. తప్పు.

ఇంక ఒక్కసారే.

ఆయన కార్డు తన బైబిల్లో ఎందుకుందో అప్పుడు గుర్తుచేసుకుంది. మర్చిపోయింది కాదు, మర్చిపోయినట్టు ఉండడం అలవాటైంది. ఆ రోజు ఆమెకు వచ్చింది భయపడవద్దని చెప్పే వచనం. కార్డు గుండెకు ఆనించుకుని బెంచీ దగ్గరికి వస్తే ప్రభుదాస్ తొంగి చూశాడు. 'మంచిగున్నదే నీది. ఇంటి పెద్దకు గిట్లాంటిది ఉండాలె. ఇటియ్యి, నాది నువ్వు తీస్కో.' ఇచ్చేసింది. పళ్లెం దగ్గర్నుంచి బెంచీ దాకా పది అడుగులే ఆమె దగ్గరుంది ఆ కార్డు. దేవుడు ఆమెకిచ్చినదాన్ని కూడా ఆయన పాస్‌వర్డ్ చేసుకున్నాడా?

తన కార్డు మీది అధ్యాయం నలభై ఒకటి, వచనం పది. వెనక సంవత్సరం. కొట్టింది.

తెరుచుకుంది.

ఆ తర్వాతంతా యాంటీవైరస్ బతిమాలుడే. ఎందుకు వెళ్లిపోతున్నారు? కారణం చెప్పండి. నిజంగానే తీసేయాలా? మేం లేకపోతే మీకు ప్రమాదం. మూడు నెలలు ఉచితం. ఆలోచించుకోండి. జిప్పోరా పళ్లు కొరుకుతూ ఒక్కొక్కటే నొక్కింది. ఆపి, మళ్లీ ఆన్ చేస్తే శశికిరణ్ చెప్పినట్టే డబ్బా మూలన కూర్చుని ఉంది. బిల్లు తిరగేసింది. తుడిచే ప్రోగ్రాం దింపుకుంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి నడిపింది. మధ్యలో ప్రభుదాస్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. అత్తగారు పప్పులో ఉప్పు తక్కువైందంది. డబ్బాలో ఉన్నదత్తమ్మా, వేస్కోండ్రి అంది జిప్పోరా. పెళ్లయిన పదహారేళ్లలో ఆ మాట అనడం మొదటిసారి.

ఒకటీ యాభైకి తెర మళ్లీ వెలిగింది. మూల ఖాళీగా ఉంది. కాసేపటికి అక్కడ చిన్న డాలు బొమ్మ కనిపించింది. ఇదింకేం పీడ అనుకుంటూ నొక్కింది. కంప్యూటర్‌కి పుట్టుకతోనే తనదైన కాపలా ఉందనీ, ఇంకోటి వచ్చి కూర్చుంటే అది పక్కకు తప్పుకుంటుందనీ, ఆ ఇంకోటి పోవడంతో ఇప్పుడు తన పని తాను మొదలుపెట్టిందనీ ఉంది. జిప్పోరా రెండుసార్లు చదివింది. ఏడాది నుంచీ లోపలే ఉందా ఇది!

పరీక్ష తనిఖీలో పచ్చగుర్తు పడింది. అప్పుడు ఎత్తింది ఫోను.

"తీసేసినవా? పాస్‌వర్డ్ ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు? అది నాకొచ్చిన కార్డే కదా."

ప్రభుదాస్ మాట మార్చాడు. "మరిప్పుడు దానికి కాపలా ఏంది?"

"దానిది దానికి మొదటి నుంచే ఉందంట. మీరు పెట్టింది కూసున్నదని ఇన్ని దినాలు ఊకున్నదంట."

"సరే, సాయంత్రం వచ్చినంక చూస్తా."

"చూసేదేం లేదు. కంప్యూటర్ నా పేరు మీదికి మార్చుకుంటున్న. నాలుగున్నర దాకా ఫోన్ ఎత్తను, అత్తమ్మకు చాయ్ కావాల్నంటే మీరొచ్చి పెట్టుండ్రి. ఈ ఆదివారం మినిట్స్ కూడ మీరే రాసుకోండ్రి."

ఫోన్ ఆపేసి, అల్మారా దగ్గరికి వెళ్లి ప్రభుదాస్ బైబిల్ తెరిచింది. అట్ట సందులో ఉంది తన కార్డు, అంచులు నలిగి. దాన్ని తీసుకుని, ఆయన చేతికొచ్చిన కార్డును అదే సందులో పెట్టింది. పరీక్షకు ల్యాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్లి లోపలినుంచి గడియ వేసింది.